టవర్ పక్కనే ఇల్లు: రేడియేషన్ ఒంటికి ఎంత చేరుతుందో లెక్క కట్టుకునే తీరు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల, ఎక్కడైనా సరే, కొత్త టవర్ లేస్తోందంటే వాడకట్టంతా ఒకచోట చేరుతుంది. అందరూ అడిగేది ఒక్కటే: టవర్‌కు ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే ఏమీ కాదు? దూరం ఒక్కటే పట్టుకుంటే దీనికి జవాబు దొరకదు. టవర్ కిందనే ఉన్న ఇంటికి చాలా తక్కువ చేరొచ్చు. పాతిక మీటర్ల అవతల ఉన్న అపార్టుమెంటు పై అంతస్తుకు దానికి ఎన్నో రెట్లు చేరొచ్చు. ఆంటెన్నా ఎటు చూస్తోంది, ఎంత ఎత్తున ఉంది, ఎంత శక్తి పంపుతోంది అన్న మూడూ కలిస్తేనే ఒంటికి అందే మోతాదు తేలుతుంది. మోతాదు తేలాకే ఊరుకోవాలా, కొట్లాడాలా అన్నది నిర్ణయించుకోవాలి.

ఒంట్లో జరిగేది

మన దగ్గర మొబైల్ సిగ్నల్ ఎక్కువగా 700 నుంచి 3600 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. రేడియేషన్ అనగానే ఎక్స్-రే, అణు విద్యుత్తు గుర్తొస్తాయి గానీ వాటికీ మొబైల్ తరంగాలకూ మధ్య తేడా చాలా పెద్దది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫోటాన్ మోసే శక్తి 0.0000037 ఎలక్ట్రాన్ వోల్టులు, 3500 దగ్గర 0.0000145. డీఎన్ఏలో ఒక కార్బన్ బంధం తెగాలంటే 3కి పైన కావాలి. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే 10కి పైన కావాలి. ఒంటి వేడికి మన అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి, ఆ కదలిక శక్తే దాదాపు 0.027. అంటే టవర్ తరంగం నేరుగా వెళ్లి డీఎన్ఏను కోసే దారి లేదు. శక్తి పెంచినా ఫోటాన్ల సంఖ్య పెరుగుతుందే తప్ప ఒక్కో ఫోటాన్ బలం పెరగదు.

అలాగని ఏమీ చేయదని కాదు. కణజాలంలో నీటి అణువులు, ఉప్పు అయాన్లు తరంగంతో పాటు అటూ ఇటూ ఊగుతాయి. ఆ రాపిడి వేడిగా మారుతుంది. కిలో కణజాలం ఎన్ని వాట్లు పీల్చుకుందో చెప్పే కొలతే సార్ (SAR). జంతువుల మీద చేసిన ప్రయోగాలు, మనిషి ఒంటి మీద కట్టిన లెక్కలు కలిపి చూస్తే, ఒళ్లంతటికీ కిలోకు 4 వాట్ల చొప్పున అరగంట పాటు పడితే లోపలి వేడి సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ 4ను యాభైతో భాగించి, సామాన్య జనానికి 0.08 వాట్లు అని పెట్టాయి. విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒళ్లు తనంతట తానే కిలోకు వాటు పైన వేడి పుట్టిస్తుంది కాబట్టి, 0.08 అంటే దానికి అటూ ఇటూగా ఇరవయ్యో వంతు.

తరంగం ఎంత లోతుకు దిగుతుందన్నది దాని పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. కండరంలో 900 మెగాహెర్ట్జ్ తరంగపు విద్యుత్ క్షేత్రం సుమారు 4 సెంటీమీటర్ల లోతుకు పోయేసరికి మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. 1800 దగ్గర ఆ లోతు సుమారు 3 సెంటీమీటర్లు, 3500 దగ్గర ఒకటిన్నర. 26 గిగాహెర్ట్జ్ దగ్గరైతే సుమారు ఒక మిల్లీమీటరే, అంటే చర్మం దాటదు. 5జీ వచ్చాక రేడియేషన్ లోపలికి ఎక్కువ చొచ్చుకుపోతోందని ప్రచారం చేస్తున్నారు. జరిగేది దానికి తలకిందులు: పౌనఃపున్యం పెరిగే కొద్దీ తరంగం పైపొరలోనే ఆగిపోతుంది.

వేడిని మోసుకుపోయేది రక్తం. అందుకే రక్తనాళాలు లేని కంటి కటకం, మామూలుగానే ఒంటి వేడి కన్నా చల్లగా ఉండాల్సిన వృషణాలు ముందుగా దెబ్బ తింటాయి. కుందేళ్ల కళ్ల మీద చదరపు మీటరుకు వెయ్యి వాట్లకు పైన మైక్రోవేవ్ గంటకు మించి పంపినప్పుడు శుక్లాలు వచ్చాయి. వీధిలో మనకు చేరేది వాటులో వందో వంతు, వెయ్యో వంతు. ఆంటెన్నాకు మూతి ఆనించి పనిచేసే మనిషి సంగతి వేరు, దాని గురించి కింద చెబుతాం.

వేడి పుట్టని మోతాదులో కూడా ఏదైనా జరుగుతుందా అన్నదాని మీదే అసలు వాదన. 2011లో అమెరికాలో 47 మంది చెవి దగ్గర 50 నిమిషాలు ఫోన్ ఆన్‌లో పెట్టి చూస్తే, ఆంటెన్నాకు దగ్గరగా ఉన్న మెదడు భాగంలో గ్లూకోజ్ వాడకం సుమారు 7 శాతం పెరిగింది. అది హానికి సూచనా కాదా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు. 1995లో ఎలుకల మెదడు కణాల్లో డీఎన్ఏ పోగులు తెగాయని ఒక బృందం చెప్పింది. 1997లో ఇంకో బృందం ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. 2018లో అమెరికా ప్రభుత్వ టాక్సికాలజీ సంస్థ రోజుకు 9 గంటల చొప్పున రెండేళ్లు ఎలుకలను తరంగాల్లో ఉంచింది. మగ ఎలుకల గుండెలో ఒక రకం కణితులు కనిపించాయి. అయితే ఆ ఎలుకలకు ఒళ్లంతా అందిన మోతాదు కిలోకు 1.5 నుంచి 6 వాట్లు, పైగా తరంగాలు పడని ఎలుకల కన్నా అవే ఎక్కువ కాలం బతికాయి. ఇలాంటి ఫలితాన్ని పూర్తిగా కొట్టిపారేయడమూ సరికాదు, దాన్ని మన వీధి టవర్‌కు నేరుగా అంటగట్టడమూ సరికాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మేలో ఈ తరంగాలను 2బీ వర్గంలో పెట్టింది. క్యాన్సర్ కారకమయ్యే అవకాశం ఉందని, ఆధారం మాత్రం పరిమితమని ఆ వర్గానికి అర్థం. ఆ నిర్ణయానికి ప్రధాన ఆధారం చెవి దగ్గర ఫోన్ వాడకం, టవర్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష ఒకటి 2024లో వచ్చింది. ఫోన్ వాడకంతో మెదడు క్యాన్సర్ పెరిగినట్టు గానీ, టవర్ల వంటి ప్రసార కేంద్రాల వల్ల పిల్లల్లో రక్త క్యాన్సర్ పెరిగినట్టు గానీ అందులో తేలలేదు.

పైకి చూసి గుర్తుపట్టండి

టవర్ మీద జనాన్ని ఎక్కువ భయపెట్టేవి గుండ్రటి తెల్ల డ్రమ్ములు. నిజానికి వాటి సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు సన్నటి కిరణంగా సమాచారం పంపేవి అవి. వాటి శక్తి సాధారణంగా ఒక వాటు లోపే, కిరణం ఇళ్ల మీదుగా పైనుంచే పోతుంది.

చూడాల్సింది నిలువుగా, పొడవుగా ఉండే పలకలను. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవుండి, మూడు దిక్కులకూ ఒక్కొక్కటో రెండేసో కట్టి ఉంటాయి. ఒక్కో పలక అడ్డంగా సుమారు 65 డిగ్రీలు, నిలువుగా 6 నుంచి 10 డిగ్రీల మేర మాత్రమే గట్టిగా పంపుతుంది. వెనక వైపు, సరిగ్గా కింద, పంపేది చాలా తక్కువ. పొట్టిగా, మందంగా, సుమారు మీటరు ఎత్తున ఉన్న పలక కనిపిస్తే అది 5జీది. అది కిరణాన్ని ఫోన్ ఉన్న వైపు తిప్పుతూ ఉంటుంది.

మీ డాబా మీద నిలబడి ఆంటెన్నాను ఫోటో తీయండి. పలక ముఖం కనిపిస్తోందా, అంచు కనిపిస్తోందా, వెనక ఉన్న బిగింపులూ వైర్లూ కనిపిస్తున్నాయా? ముఖం కనిపించి, పలక మీ కళ్ల ఎత్తులోనే ఉంటే మీరు లెక్క కట్టాల్సిన ఇంట్లో ఉన్నట్టు. అంచో వెనకో కనిపిస్తే సగం దిగులు తీరినట్టే.

గుట్టల ఊళ్లలో ఈ ఎత్తు విషయం మోసం చేస్తుంది. పద్మాక్షి గుట్ట చుట్టుపక్కల గానీ, గోవిందరాజుల గుట్ట వైపు గానీ, నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట టవర్ పొడవు కాకుండా ఆంటెన్నాకూ మీ కిటికీకీ మధ్య ఎత్తు తేడా చూడాలి. కింది వీధిలో లేచిన 30 మీటర్ల టవర్ తల, గుట్ట వాలు మీది ఇంటికి సరిగ్గా ఎదురుగా రావొచ్చు.

లెక్క

ఆంటెన్నా ముందు పడే శక్తి సాంద్రతకు సూత్రం చిన్నదే. ఆంటెన్నా ఒక దిక్కుకు పంపే మొత్తం శక్తిని 12.57తోనూ, దూరం వర్గంతోనూ భాగించాలి. దూరం మీటర్లలో, జవాబు చదరపు మీటరుకు వాట్లలో వస్తుంది.

ఒక్క క్యారియర్‌కు, అంటే ఒక పౌనఃపున్యం మీద నడిచే ఒక ప్రసారానికి, రేడియో పంపేది సాధారణంగా 20 వాట్లు అనుకోండి. పలక దాన్ని ఒకవైపుకు కూడగట్టడం వల్ల ఆ దిక్కున దాని బలం సుమారు 50 రెట్లు, అంటే వెయ్యి వాట్లకు సమానం. 10 మీటర్ల దూరంలో కిరణం మధ్యన 0.8, 20 మీటర్ల దగ్గర 0.2, 50 దగ్గర 0.03, 100 దగ్గర 0.008. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది.

దేన్తో పోల్చాలి? 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశం అప్పటి అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు తగ్గించుకుంది. 700 మెగాహెర్ట్జ్‌కు 0.35, 900కు 0.45, 1800కు 0.9, 2100కూ ఆ పైనా 1 వాటు. పరిమితులను ప్రభుత్వాలు సవరిస్తూ ఉంటాయి. ఇంటి లెక్కకు మాత్రం ఈ కఠినమైన అంకెలనే వాడుకోండి, వీటిలో నెగ్గిన ఇల్లు అంతర్జాతీయ పరిమితిలోనూ నెగ్గుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మూడంతస్తుల ఇంటి పైన స్తంభానికి కట్టిన ఆంటెన్నా, 25 మీటర్ల అవతల అదే ఎత్తులో ఇంకో ఇంటి పై అంతస్తు కిటికీ. 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్‌లలో నాలుగు క్యారియర్లు, ఒక్కొక్కటి వెయ్యి వాట్లు. ఒక్కో దాని నుంచి కిటికీకి చేరేది 1000 ÷ (12.57 × 625), అంటే 0.127. ఇప్పుడు ఒక్కోదాన్ని దాని పరిమితితో భాగించి కూడాలి: 0.28, 0.14, 0.13, 0.13. మొత్తం 0.68. ఒకటి దాటితే పరిమితి దాటినట్టు. ఇక్కడ దాటలేదు గానీ దగ్గరకొచ్చింది. నేల నుంచో పక్క గోడ నుంచో తిరిగొచ్చే తరంగం కలిస్తే దాటే వీలుంది. పూర్తి శక్తితో నడిచినప్పటి లెక్క ఇది, మామూలుగా అంత ఉండదు. అయినా ఇలాంటి కిటికీకి అధికారిక కొలత అడగడం సమంజసం.

ఇప్పుడు అదే పరికరాలను 30 మీటర్ల టవర్ ఎక్కించి, 4 డిగ్రీలు కిందికి వంచండి. కిరణం కింది అంచు నేలను తాకేది సుమారు 215 మీటర్ల దగ్గర, మధ్యభాగం తాకేది సుమారు 430 మీటర్ల దగ్గర. 300 మీటర్ల దూరంలో నాలుగు క్యారియర్లూ కలిపి చేరేది 0.0035 వాట్లు. మొత్తం 900 మెగాహెర్ట్జ్‌దే అనుకున్నా పరిమితిలో ఒక శాతం లోపే. టవర్‌ను వీధి చివర పొడవుగా కట్టమనడం మంచిదా, పక్కింటి డాబా మీద పొట్టి స్తంభం కట్టనివ్వడం మంచిదా అన్న తర్జనభర్జనకు ఈ రెండు లెక్కలే జవాబు. పొడవైన టవర్ చూడ్డానికి భయంగా ఉంటుంది, మోతాదు మాత్రం తక్కువ.

టెలికాం శాఖ తన సలహాల్లో ఒకప్పుడు ఇచ్చిన దూరాలు కూడా ఈ తర్కం మీదే నిలబడ్డాయి: ఒకే ఎత్తులో ఎదురుగా ఉన్న భవనానికి, ఒక ఆంటెన్నా అయితే 20 మీటర్లు, రెండైతే 35, నాలుగైతే 45, ఆరైతే 55, పన్నెండైతే 75. ఇవి ఆంటెన్నా ముందు వైపు దూరాలు. టవర్ అడుగు నుంచి కొలిచి కొట్లాడితే అర్థం ఉండదు.

ఈ సూత్రం పనిచేయని చోట్లు రెండున్నాయి. రెండు మీటర్ల పలకకు 900 దగ్గర 24 మీటర్లు, 1800 దగ్గర 48 మీటర్ల లోపు కిరణం ఇంకా పూర్తిగా రూపు కట్టదు. అక్కడ సూత్రం అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. మన ఉదాహరణలో 25 మీటర్ల కిటికీ 900 తప్ప మిగతా మూడు క్యారియర్లకు ఈ హద్దులోనే ఉంది కాబట్టి ఆ 0.68 పైఅంచనా. రెండోది 5జీ. కిరణం క్షణక్షణం తిరుగుతుంది కాబట్టి గరిష్ఠ శక్తితో కట్టిన లెక్క భయపెడుతుంది, నిమిషాల సగటు చూస్తేనే నిజం తెలుస్తుంది. 5జీ పలక ఎదురుగా, దగ్గరగా ఉంటే చేతి లెక్క వదిలి కొలిపించుకోండి.

డాబా మీద

ఎండాకాలం మన దగ్గర రాత్రిళ్లు డాబా మీదే పడక. వడియాలు, మిరపకాయలు ఆరేసేదీ అక్కడే. అందుకే గది లోపలికన్నా డాబాకే ముందు లెక్క కట్టండి. గది లోపల కాంక్రీటు గోడ శక్తిని పదో వంతుకో అంతకన్నా తక్కువకో దించుతుంది, ఇటుక గోడ సగానికో పావుకో దించుతుంది, అద్దం పెద్దగా ఆపదు. ఇనుప రేకుల కప్పు పైనుంచి వచ్చేదాన్ని తిప్పికొడుతుంది గానీ కిటికీ వైపు తెరిచే ఉంటుంది. సిమెంటు రేకులు దాదాపు ఏమీ ఆపవు.

పక్కింటి డాబా మీద స్తంభపు ఆంటెన్నా ఉండి, ముఖం మీ వైపుంటే మంచాన్ని మెట్ల గది వెనక్కి జరపండి. కాంక్రీటు గది నీడలోకి వస్తే చాలు, మోతాదు బాగా పడిపోతుంది. పైసా ఖర్చు లేని పని ఇది, ఎందుకో ఎవరూ చేయరు.

మీ సొంత డాబాను ఆంటెన్నాకు అద్దెకిచ్చి ఉంటే ఇంకో జాగ్రత్త తప్పనిసరి. పలక ముందు రెండు మూడు మీటర్లలోకి ఎవరినీ పోనివ్వొద్దు. ట్యాంకు కడిగే మనిషి, సున్నం వేసే మనిషి, కేబుల్ లాగే కుర్రాడు, వీళ్లే అసలు ప్రమాదంలో ఉన్నవాళ్లు. కొన్నిచోట్ల పలక ముందే నిచ్చెన వేసుకుని అరగంట పని చేస్తుంటారు, కళ్లు సరిగ్గా పలక మధ్యకు వస్తాయి. అలాంటి పని ఉంటే గేటు మీది బోర్డులో సైట్ నంబరు, ఫోన్ నంబరు చూసి, ఆ వైపు ప్రసారం ఆపించాకే పనివాళ్లను ఎక్కించండి. హెచ్చరిక బోర్డు, తాళం వేసిన తలుపు లేకపోతే పెట్టించమని గట్టిగా అడగండి.

మీటరు కొంటే

చేతిలో పట్టుకునే మీటర్లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. కొనేముందు రెండు చూడండి: 700 నుంచి కనీసం 3600 మెగాహెర్ట్జ్ దాకా కొలుస్తుందా, మూడు దిక్కులనూ ఒకేసారి కొలిచే రకమా. కరెంటు తీగల అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరుతో టవర్‌ను కొలవలేం. ఫోన్లో వేసుకునే రేడియేషన్ యాప్‌లు చాలావరకు చూపించేది ఫోన్ దిక్సూచి అంకెలే, వాటిని నమ్మి ఇల్లు అమ్ముకోవద్దు.

అంకెల దగ్గరే ఎక్కువ గందరగోళం. 1 వాటు చదరపు మీటరుకు అంటే 1000 మిల్లీవాట్లు, 10 లక్షల మైక్రోవాట్లు. అదే చదరపు సెంటీమీటరుకైతే 100 మైక్రోవాట్లు. మీటరు మీద 5000 కనిపించగానే గుండె ఆగినంత పనవుతుంది, అది చదరపు మీటరుకు మైక్రోవాట్లయితే 0.005 వాట్లే. మీటరు వోల్టుల్లో చూపిస్తే ఆ అంకెను దానితోనే గుణించి 377తో భాగించండి. 13 వోల్టులు వస్తే 0.45 వాట్లన్నమాట.

కొలిచేటప్పుడు మీ ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై రూటర్ ఆపండి. మీటరును చేయి చాచి పట్టుకోండి, ఒంటికి దగ్గరుంటే ఒళ్లే అడ్డుపడుతుంది. నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో, ఆ చుట్టుపక్కల కాస్త కిందా మీదా కొలవండి. గరిష్ఠం అంకె క్షణకాలం మెరిసేది, దాన్ని పరిమితితో పోల్చకూడదు. కనీసం ఆరు నిమిషాల సగటు తీసుకోవాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడు నుంచి పది మధ్య ఇంకోసారి కొలవండి, ఆ వేళకే జనమంతా ఫోన్ల మీద ఉంటారు. 5జీ పలక పక్కన ఎవరూ వాడనప్పుడు దాదాపు ఏమీ చూపించదు. మీకు పది మీటర్ల దూరంలో అదే వైపున ఇంకొకరిని పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేయమని చెప్పి అప్పుడు కొలవండి.

చేతిలోని ఫోన్

టవర్ గురించి ఇంత చేశాక చెవి దగ్గరి ఫోన్ వదిలేస్తే లెక్క తప్పినట్టే. వీధిలో టవర్ నుంచి తలకు చేరేదానికన్నా, పూర్తి శక్తితో పంపే ఫోన్ నుంచి చేరేది వంద రెట్లకు పైన ఉంటుంది. మన దేశంలో ఫోన్ల సార్ పరిమితి ఒక గ్రాము కణజాలం సగటున కిలోకు 1.6 వాట్లు. *#07# కొడితే చాలా ఫోన్లు తమ అంకె చూపిస్తాయి.

ఫోన్ ఎంత గట్టిగా పంపుతుందన్నది సిగ్నల్‌ను బట్టి ఉంటుంది. సిగ్నల్ బాగుంటే తగ్గించుకుంటుంది, సిగ్నల్ లేకపోతే పూర్తి శక్తికి పోతుంది. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి అడవి ఊళ్లలో టవర్ దూరమైన కొద్దీ తలకు చేరే మోతాదు పెరుగుతుంది, ఫోన్ వల్ల. టవర్ వద్దని తరిమేసిన వాడకట్టుకూ ఇదే వర్తిస్తుంది, కొట్లాటకు దిగే ముందు దీన్నీ తూకం వేయాలి.

సెట్టింగుల్లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలో కనిపిస్తుంది. మైనస్ 80 ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటి కిందికి పోతే ఫోన్ గరిష్ఠానికి దగ్గరగా పంపుతుంది: 4జీలో 0.2 వాట్లు, 2జీలో సగటున 0.25. అక్కడ వైర్ ఇయర్‌ఫోన్ గానీ స్పీకర్ గానీ వాడండి, అవతలివాళ్లు ఎత్తాకే చెవి దగ్గరికి తీసుకోండి, రాత్రి దిండు కింద పెట్టకండి. రేకుల షెడ్డులో పిల్లలకు ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టడం కన్నా వాకిట్లో ఇవ్వడం నయం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్‌ను దానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, ఎడమ జేబులో వద్దు.

ఫోన్ వెనక అంటించే యాంటీ రేడియేషన్ చిప్పులు, స్టిక్కర్లు కొనకండి. అవి నిజంగా తరంగాన్ని ఆపితే ఫోన్ ఇంకా గట్టిగా పంపుతుంది, ఆపకపోతే డబ్బు దండగ. గదికి ఒకవైపే రేకో జాలీయో కొట్టించడం కూడా అంతే: మిగతా వైపుల నుంచి వచ్చేది దానికి తగిలి లోపలే తిరుగుతుంది, లోపలి ఫోన్ శక్తి పెంచుకుంటుంది.

నిద్ర పట్టట్లేదు, తలనొప్పి అంటే

టవర్ వచ్చినప్పటి నుంచి నిద్ర లేదు, తల దిమ్ముగా ఉందని చెప్పేవాళ్ల బాధ నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తరంగం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ప్రయోగం చేసేవాళ్లకూ తెలియకుండా పెట్టి పరీక్షించినప్పుడు, ఇలాంటి లక్షణాలున్నవాళ్లు తేడా పట్టలేకపోయారు. భయమే లక్షణాలు తేవచ్చని కూడా ఆ ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి కారణం టవరేనని తీర్మానించుకుని అసలు జబ్బును వదిలేయకండి. బీపీ, రక్తహీనత, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి.

టవర్ దగ్గర నిద్ర చెడగొట్టే ఇంకో వస్తువు ఎదురుగానే ఉంటుంది, డీజిల్ జనరేటర్. కరెంటు పోయిన ప్రతిసారీ రాత్రంతా మోగుతుంది, పొగ కిటికీలోకి వస్తుంది. ఇళ్లున్న చోట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. రేడియేషన్ మీద ఓడిపోయే ఫిర్యాదు జనరేటర్ మీద నెగ్గుతుంది. దాన్ని విడిగా కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి.

పిట్టలు, తేనెటీగలు

పిచ్చుకలు టవర్ల వల్లే పోయాయని ఖాయంగా చెప్పే ఆధారం లేదు. గూటికి చోటు, పిల్లలకు పెట్టే పురుగులు తగ్గడం అంతకన్నా గట్టి కారణాలు. జర్మనీలో 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం వలస పిట్టల దిక్సూచి చెదిరింది నిజమే, అయితే అది 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్య గోలకు, మొబైల్ తరంగాలకు కాదు. కీటకాల విషయంలో లెక్కలు ఒక హెచ్చరిక చేస్తున్నాయి: తరంగం పొడవు కీటకం ఒంటి పొడవుకు దగ్గరయ్యే 6 గిగాహెర్ట్జ్ పైన అవి ఎక్కువ శక్తి పీల్చుకుంటాయి. మామిడి తోటల దగ్గర 26 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చే రోజుకు ఇది గుర్తుంచుకోవాలి.

అధికారిక కొలత

లెక్కలో మీ ఇల్లు 0.5 దాటితే, లేదా 5జీ పలక ఎదురుగా ఉంటే టెలికాం శాఖతో కొలిపించండి. 2017లో మొదలైన తరంగ్ సంచార్ పోర్టల్లో మొబైల్ నంబరుతో లాగిన్ అయి మ్యాప్‌లో మీ వీధి తెరిస్తే చుట్టుపక్కల టవర్లు కనిపిస్తాయి. అక్కడే 4000 రూపాయలు కట్టి కొలత అడగొచ్చు. తెలంగాణకు ఆ శాఖ క్షేత్ర కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, బృందం అక్కడి నుంచే వస్తుంది. నాలుగిళ్లు కలిసి వేసుకుంటే వెయ్యి చొప్పున పోతుంది, కొలిచే చోటు మాత్రం అందరిలో ఎక్కువ పడే ఇంట్లో ఎంచండి.

దరఖాస్తులో టవర్ పేరు రాసి వదిలేయకండి. ఏ అంతస్తు, ఏ కిటికీ లేదా డాబాలో ఏ మూల, ఆంటెన్నా ఎటువైపు, ఎంత దూరం, డాబా మీంచి తీసిన ఫోటో, ఇవన్నీ ఇవ్వండి. లేకపోతే వీధి మొగలో కొలిచి వెళ్తారు, అక్కడ ఎప్పుడూ తక్కువే వస్తుంది. బృందం వచ్చినప్పుడు మీరు రాసుకున్న చోటే కొలవమని దగ్గరుండి అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సినవి: ఏ పౌనఃపున్యాలు కొలిచారు, ఏ ఎత్తులో, ఏ సమయంలో, ఏ పరిమితితో పోల్చారు, అన్ని నిష్పత్తులూ కూడిన మొత్తం ఎంత. ఒక్కో ఆపరేటర్‌కు విడివిడిగా సరిపోయిందని రాసి, మొత్తం కూడకపోతే అది సగం రిపోర్టే. ఎందుకంటే ఒళ్లు నలుగురిదీ కలిపే పీల్చుకుంటుంది.

మొత్తం ఒకటి దాటితే టవర్ కూల్చడం ఒక్కటే మార్గం కాదు. పలకను కాస్త పక్కకు తిప్పడం, వంపు మార్చడం, స్తంభం ఎత్తు పెంచడం, ఆ దిక్కున శక్తి తగ్గించడం, వీటిలో ఏదో ఒకటి పూటలో అయ్యే పని. ఏది చేశారో రాతపూర్వకంగా అడగండి. భవనం బరువు మోయలేదని, గోడలు పగుళ్లిచ్చాయని అనుమానముంటే అది కార్పొరేషన్‌కో మున్సిపాలిటీకో ఇవ్వాల్సిన వేరే ఫిర్యాదు, నిర్మాణ భద్రత పత్రం చూపించమని అడగండి. మార్పు చేశాక మళ్లీ కొలిచేటప్పుడు అదే కిటికీ, అదే ఎత్తు, అదే వేళ ఉండాలి. లేకపోతే రెండు అంకెలనూ పోల్చలేం.